చిక్కుడుకాయల గ్రహణం

రాహువు వేషం ఎవరు కడతారని నాగవల్లి టీచర్ అడగగానే ఏడో తరగతి పిల్లలంతా వెనక్కి తిరిగి రుచితను చూశారు. సాయికిరణ్ చూసి ఊరుకోలేదు. "రుచితే కావాలె టీచర్. ఆమెకు గ్రహణం మొర్రి ఉంది గదా" అన్నాడు. క్లాసు గొల్లుమంది.

కిటికీ బయట వరండాలో నిలబడ్డ సుమిత్ర చేతిలోంచి టిఫిన్ సంచి జారబోయి ఆగింది. సుమిత్ర రుచిత తల్లి. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. శనివారాలు మొదటి షిఫ్టు దిగి, కంపెనీ బస్సు బడి ముందు ఆపితే, కూతుర్ని వెంటబెట్టుకుని ఇంటికి పోతుంది. ఇంకాస్త ఆలస్యంగా వచ్చినా ఆ మాట వినేది కాదు. ఏం చేస్తాం, చెడ్డమాటకు చెవిని వెతుక్కుంటూ వచ్చే గుణం ఉంటుంది.

రుచిత పైపెదవి మీద ముక్కు కిందినుంచి దిగిన గీత ఒకటుంది. నెలల పిల్లగా ఉన్నప్పుడు చేసిన ఆపరేషన్ కుట్టు అది. నవ్వితే ఆ చోట పెదవి కొంచెం పైకి లాగుతుంది. టీచర్ సాయికిరణ్‌ను ఏదో గట్టిగా అనబోయింది. అంతలోనే రుచిత లేచింది.

"నేనే అయిత టీచర్. రాహువుకే మంచి డైలాగులుంటయి." సాయికిరణ్ వైపు తిరిగి, "నువ్వు చంద్రునివిగా. నిన్ను మింగేది నేనే" అంది. నవ్వు ఈసారి అటు తిరిగింది.

బల్లలు గోడకు జరిపి పాలసముద్రం చేశారు. చున్నీలు ముడేసి వాసుకిని చేశారు. ఇటు దేవతలు, అటు రాక్షసులు లాగీ లాగీ చివరికి మంచినీళ్ల సీసాలో అమృతం పుట్టించారు. దేవతల వరసలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య రుచిత దొంగచాటుగా దూరి కూర్చుంది. వాళ్లిద్దరూ చాడీ చెప్పారు. అమృతం గొంతు దిగేలోపలే చక్రం వచ్చింది, తల తెగింది. రుచిత చున్నీని మెడ కిందినుంచి కప్పుకుని, తల ఒక్కటే బయటపెట్టి, కళ్లురిమి, పసుపుపచ్చ బంతిని నోటి దగ్గరికి తెచ్చి హామ్మని మింగింది. మింగిన బంతి చున్నీ కిందినుంచి టపీమని నేలమీద పడింది. గొంతే లేనివాడు ఎంత మింగితే మాత్రం ఏం నిలుస్తుంది? పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. వరండాలో సుమిత్రకూ నవ్వొచ్చింది. నవ్వినందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

"ఈ కథ అల్లినవాళ్లు మనకంటే తెలివితక్కువవాళ్లని అనుకోకండి" అంది నాగవల్లి టీచర్. ఆమె నాన్న కోస్తానుంచి ఇక్కడి ఫ్యాక్టరీకి ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డవాడు. ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే అయినా మాట మాత్రం ఇంట్లో నేర్చిన మాటే. "వాళ్లకు టెలిస్కోపులు లేవు. ఉన్నవి కళ్లే. ఆ కళ్లతోనే తరాలు తరాలు చూసి, చంద్రుణ్ణి ఏదో కప్పుతుందనీ, కప్పింది కాసేపటికి వదిలేస్తుందనీ కనిపెట్టారు. అది పౌర్ణమి నాడే జరుగుతుందని కనిపెట్టారు. మరి ప్రతి పౌర్ణమికీ ఎందుకు జరగదు? దాన్నీ పట్టుకున్నారు. మన ముత్తంగి దగ్గర రింగురోడ్డూ హైవే ఎలా ఉంటాయి?"

"ఒకటి పైన, ఒకటి కింద."

"కదా. సూర్యుడు నడిచే దారీ చంద్రుడు నడిచే దారీ కూడా అలా ఒకదానికొకటి కాస్త వాలుగా ఉంటాయి. ఆ రెండూ దాటుకునే చోట్లు రెండు. పౌర్ణమి చంద్రుడు సరిగ్గా ఆ చోటికి వచ్చినప్పుడే గ్రహణం. అక్కడ ఏమీ ఉండదు. ఉత్త చోటు. కంటికి కనబడని ఆ చోట్లనే వాళ్లు లెక్కకట్టి పట్టుకుని, ఒకదానికి రాహువని, ఒకదానికి కేతువని పేరుపెట్టి, ఒక తలా ఒక మొండెమూ తగిలించారు. లెక్క మరిచిపోతారేమో గానీ కథ మరిచిపోరు కదా."

పిల్లలు నోళ్లు తెరిచి వింటున్నారు. బయట హైవే మీద లారీలు పోతున్నాయి.

తర్వాత కిటికీలు మూశారు. సుమిత్ర గుమ్మం పక్కకు జరిగింది. బల్లమీద టార్చిలైటు సూర్యుడు, గ్లోబు భూమి, రాహువు మింగి వదిలిన పచ్చబంతి చంద్రుడు. బంతి గ్లోబు వెనక్కి నడిచింది. గ్లోబు నీడ గుండ్రంగా, మెత్తగా దానిమీదికి పాకింది. పసుపురంగు ఒక పక్కనుంచి నల్లబడుతూ వచ్చి మొత్తం మాయమైంది. పిల్లలు ఒక్కసారే ఊపిరి తీశారు. నీడ సంగతి తెలియనివాడు ఎవడుంటాడు? అయినా అంత పెద్ద నీడ ఆకాశంలో అంత దూరం పోతుందంటే సుమిత్రకు ఒళ్లు జలదరించింది.

అప్పుడు రుచిత గొంతు వినబడింది.

"టీచర్, నీడకు పదునుంటదా?"

"ఉండదమ్మా."

"మరి నా పెదివి ఎట్ల తెగింది? నేను కడుపుల ఉన్నప్పుడు గ్రహణం నాడు మా అమ్మ చిక్కుడుకాయలు కోసిందట. అందుకే గిట్లయిందట."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సాయికిరణ్ కూడా. సుమిత్ర గోడకు ఆనుకుంది. ఆ సంగతి కూతురి చెవిన పడకుండా పన్నెండేళ్లు కళ్లలో వత్తులు వేసుకుని కాపాడుకొచ్చింది. ఇంట్లో ఆ మాట లేచినప్పుడల్లా పిల్లను అంగడికి పంపేది, నీళ్లకు పంపేది. ఇప్పుడు ఆ పిల్ల దాన్ని గ్రామర్ డౌటు అడిగినంత మామూలుగా నలభై మంది ముందు అడిగింది.

టీచర్ టార్చి ఆర్పి కిటికీలు తెరిపించింది. రెండు అరచేతులూ రెండు చెంపల మీద పెట్టుకుని మెల్లగా ముక్కు కిందికి జరుపుకుంటూ వచ్చి కలిపింది. "కడుపులో బిడ్డ మొహం ఇలా తయారవుతుంది. రెండు పక్కలనుంచీ వచ్చి మధ్యలో అతుక్కుంటుంది. ముక్కు కింద సన్నటి గాడి ఉంది చూడండి. అందరికీ ఉంటుంది. తడుముకోండి. ఆ అతుకు గుర్తే అది."

పిల్లలంతా పైపెదవి తడుముకున్నారు. గుమ్మం పక్కన సుమిత్ర వేలు కూడా దానంతటదే పైకి పోయింది. ముప్పై రెండేళ్లుగా తన మొహం మీదే ఉన్న ఆ గాడిని ఆమె ఇప్పుడే కొత్తగా తాకినట్టు తాకింది.

"ఒక్కోసారి ఆ రెండూ పూర్తిగా కలవవు. ఎందుకన్నది డాక్టర్లకు కొంత తెలుసు, కొంత తెలియదు. కానీ ఒకటి మాత్రం ఖాయం. పెదవి అతుక్కునే పని రెండో నెల దాటకుండానే అయిపోతుంది. చాలామంది తల్లులకు కడుపుతో ఉన్నామని గట్టిగా తెలిసేలోపలే. ఆ తర్వాత ఏ గ్రహణమూ, ఏ కత్తిపీటా దాన్ని కొయ్యలేదు. మీ అమ్మ ఏ తప్పూ చెయ్యలేదు రుచితా."

రుచిత తలూపి కూర్చుంది. వచ్చే మంగళవారం కార్తీక పౌర్ణమి నాడు చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడనీ, సెలవైనా సరే సాయంత్రం బడి మిద్దె మీదికి అందరూ రావాలనీ, ఇంట్లోవాళ్లనూ తీసుకురావాలనీ టీచర్ చెబుతోంది. సుమిత్రకు అదేమీ వినబడలేదు. ఆ చిక్కుడుకాయల నాటికి ఆమెకు ఏడో నెల.

తల్లీకూతుళ్లు ఇంటిదారి పట్టారు. కంపెనీ గోడ మలుపు తిరిగాక సుమిత్రే అడిగింది. "చిక్కుడుకాయల సంగతి నీకెవలు చెప్పిన్రు?"

"నానమ్మ. రెండో తరగతిలనే చెప్పింది."

"గిన్నొద్దులు నాతోటి అననే లేదు."

"నువ్వు ఏడుస్తవని" అంది రుచిత.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అత్త ఎంకమ్మ నోరు ఊరందరికీ మంచిదే, ఒక్క కోడలికి తప్ప. అలాగని కోడలంటే గిట్టనిదీ కాదు. సుమిత్రకు మళ్లీ నెల తప్పిందని తెలిసిన రోజునుంచి బిందె ముట్టనివ్వలేదు. వేడివేడి జొన్నరొట్టె చేసి ముందు కోడలి కంచంలోనే వేస్తుంది. కానీ పెళ్లిలో, పేరంటంలో, పిల్లను చూసి ఎవరైనా అయ్యో అన్నారంటే చాలు, "కోసింది సిక్కుడుకాయ గాదమ్మా, నా మనుమరాలి పెదివి" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా సుమిత్ర తలొంచుకునేది. నిజమేనని ఆమె కూడా నమ్మింది, అదీ అసలు బాధ. ఆ ఏడాదినుంచి ఆ ఇంట్లో చిక్కుడుకాయ కూర వండలేదు. పెరట్లో పందిరి పీకేశారు. రెండో బిడ్డ మాట ఎత్తడానికి సుమిత్రకు ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడు ఐదో నెల నడుస్తుండగా, కావాలని పగబట్టినట్టు మళ్లీ గ్రహణం వచ్చిపడింది.

ఆదివారం పొద్దున ఎంకమ్మ ఇత్తడి తాంబాళం, రోకలి బయటికి తీసి చింతపండుతో తోమింది. గ్రహణం పట్టినప్పుడు తాంబాళంలో పసుపునీళ్లు పోసి మధ్యలో రోకలి పెడితే అది ఏ ఆసరా లేకుండా నిలబడుతుంది. విడిచినాక పడిపోతుంది. ఎంకమ్మకు అదే గడియారం.

"గ్రహణం నాడే నిలబడుతదా నానమ్మా?" అంది రుచిత.

"గ్రహణం నాడే. మిగత దినాలల్ల సచ్చినా నిలబడదు."

"ఎప్పుడన్న పెట్టి చూసినవా?"

"ఎందుకు సూస్త, పనిలేదా?"

రుచిత తాంబాళం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నాలుక పళ్ల మధ్య బిగించి, రోకలిని రెండు చేతులతో పట్టుకుని, వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు జరుపుతూ, ఊపిరి బిగబట్టి, ఒక్కో వేలే తీసింది. రోకలి నిలబడింది. ఆదివారం పొద్దున, వాకిట్లో కోళ్లు మేస్తుండగా, నడినెత్తికి ఎక్కబోతున్న ఎండలో, నిక్కినీలిగి నిలబడింది.

గోడ పక్కన బండి తుడుస్తున్న సుమిత్ర మొగుడు నర్సింహులు పకపకా నవ్వాడు. "అమ్మా, నీ గడియారం రెండు దినాలు ముందుకు పోతున్నది."

ఎంకమ్మ నవ్వలేదు. రోకలి చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. సూర్యుడి వైపు చెయ్యి అడ్డం పెట్టి చూడబోయి, భయపడి తల దించేసింది. మొహం పాలిపోయింది. "పంచాంగం తప్పుపడ్డదిరా. గ్రహణం ఇయ్యాలనే ఉన్నది. లేకుంటె రోకలెట్ల నిలబడుతది? సుమిత్రా, ఆ సేట ఆడ పెట్టు. లోపలికి నడువు. జల్దీ."

"అత్తమ్మా, ఇయ్యాల పున్నమే గాదు."

"నడువంటున్న. పోయినసారి గిట్లనే ఇనలే నువ్వు."

ఆ మాట వినగానే సుమిత్ర చేట పెట్టేసి లోపలికి పోయింది. బయట గొళ్లెం పడింది. "ఒక్క పూటనే గదా, పోనీ" అని నర్సింహులు తలుపు అవతలినుంచి మెల్లగా అన్నాడు. ఆయనకు అన్నీ ఒక్క పూటవే.

చాపమీద వెల్లకిలా, చేతులు పక్కన పెట్టి, గోక్కోకుండా, ముడుచుకోకుండా పడుకోవాలి. సుమిత్ర అలాగే పడుకుంది. రేకుల కప్పుకు మేకు ఊడిన చోట చిన్న చిల్లి ఉంది. దాంట్లోంచి ఒక సన్నటి వెలుతురు కడ్డీ దిగి నేలమీద రూపాయి బిళ్లంత గుండ్రంగా పడింది. మేకు చిల్లి గుండ్రంగా లేదు, చినిగి వంకరటింకరగా ఉంది. వెలుగు మాత్రం చక్కగా గుండ్రంగా ఉంది. సుమిత్ర కంపెనీలో పొద్దంతా కన్వేయర్ పట్టా మీద పరుగెత్తే మాత్రల పట్టీల్లో ఎక్కడ బుడగ ఖాళీగా ఉందో, ఎక్కడ మాత్ర విరిగిందో చూసే మనిషి. ఆ గుండ్రాన్ని అలాగే కళ్లు పెట్టి చూసింది. చూస్తుంటే ఆ చిక్కుడుకాయల రోజు కళ్లముందుకొచ్చింది. ఎవరికీ చెప్పని ముక్క ఒకటి ఆ రోజులో ఉంది.

రోకలి ఎంతకీ పడలేదు. పొద్దుగుంకే వేళకు మేకపిల్ల ఒకటి వచ్చి దాన్ని కుమ్మితే పడింది. అప్పుడు గొళ్లెం తీశారు.

మంగళవారం గుళ్లు మూసేస్తారని సోమవారమే అందరూ కార్తీక దీపాలు పెట్టేశారు. సుమిత్ర బస్సు దిగేసరికి బడి వదిలే వేళ. నాగవల్లి టీచర్ గ్లోబును గుడ్డతో తుడుస్తోంది.

"మేడం, ఒకటి అడుగుదామని వచ్చిన" అంది సుమిత్ర గుమ్మంలోనే నిలబడి. "మొన్న మీరు చెప్పింది బయటనుంచి విన్న. రెండో నెలలనేనా? పక్కానా?"

"పక్కా. కూర్చోండి సుమిత్ర గారూ."

సుమిత్ర కూర్చోలేదు. "అప్పుడు నాకు ఏడో నెల మేడం. మా అత్తమ్మ బయటికి రావొద్దని చెప్పి, పట్టకముందే వస్తనని పొలానికి పోయింది. నాకు ఆకలైంది. చిక్కుడు పందిరి కింద కత్తిపీట వేసుకుని కూసున్న. పట్టపగలు ఎండ బూడిద రంగయింది. నేలమీదికి చూస్తే..." ఆమె అరచెయ్యి నేలవైపు చాపింది. "ఆకుల సందుల్లకెళ్లి వెలుతురు చుక్కలు పడతయి గదా. అవన్ని కొడవళ్ల లెక్క కనబడ్డయి. వందలు. నా చీర మీద, చేతుల మీద, కడుపు మీద. సన్నసన్న కొడవళ్లు. ఇప్పటిదాంక ఎవలకూ చెప్పలే. బిడ్డ పెదివి చూసినప్పుడు అవే కోసినయి అనుకున్న."

టీచర్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. 

"అవి సూర్యుడి బొమ్మలు" అంది. "ఆకుల సందు ఒక్కొక్కటీ ఒక్కో సూర్యుణ్ణి నేలమీద వేస్తుంది. రోజూ వేస్తుంది, గుండ్రంగా ఉంటాయి కాబట్టి మనం పట్టించుకోం. ఆ రోజు సూర్యుణ్ణి చంద్రుడు చాలావరకు కప్పేశాడు. మిగిలిన ముక్క కొడవలిలా ఉంది. మీమీద పడ్డవి వందల సూర్యగ్రహణాలు సుమిత్ర గారూ. అంత అందమైన దాన్ని మీరు మీ ఒళ్లో చూశారు."

సుమిత్రకు రేకు చిల్లి కింద నిన్న చూసిన గుండ్రం గుర్తొచ్చింది. ఏదో అర్థమవుతున్నట్టూ, అర్థమైతే ఏడుపొచ్చేట్టూ ఉంది. అందమైనదట. పన్నెండేళ్లుగా కళ్లు మూసుకుంటే కనబడి భయపెట్టిన ఆ కొడవళ్లు సూర్యుడి బొమ్మలట.

"మీకు భయం కాదా మేడం?"

నాగవల్లి నవ్వింది గానీ ఆ నవ్వు పూర్తి కాలేదు. "మా బాబు కడుపులో ఉన్నప్పుడు గ్రహణం వచ్చింది. మా అమ్మ తలుపేసింది. నేను ఎమ్మెస్సీ చదివినదాన్ని. నోరు మూసుకుని పడుకున్నాను. తెలిసినంత మాత్రాన భయం పోదండీ. రేపు రమ్మని నేను మిమ్మల్ని బలవంతపెట్టను. మీ ఇష్టం."

మంగళవారం మధ్యాహ్నం తిండ్లు తొందరగా ముగించి, పచ్చడి జాడీల మీద, నీళ్ల బిందెల మీద గరికపోచలు వేసి, ఎంకమ్మ కోడలిని గదిలోకి పంపింది.  నర్సింహులు రెండో షిఫ్టుకు పోయాడు. ఎండ వాలుతుండగా రుచిత తలుపు దగ్గరికొచ్చి, "అమ్మా, నేను బడికి పోతున్న. నిన్ను రమ్మంటలేను" అని చెప్పి పోయింది. పిల్ల చెప్పుల చప్పుడు గల్లీ చివరిదాకా వినబడింది. నిన్ను రమ్మంటలేను. ఈ పిల్ల ఎప్పుడూ ఇంతే, తల్లి ఏడుస్తుందని తన దగ్గరే దాచిపెట్టుకుంటుంది.

వాకిట్లో ఖంగుమని తాంబాళం మోగింది. కాసేపాగి మళ్లీ మోగింది. మళ్లీ. సుమిత్ర తల తిప్పి వింది. రోకలి పడుతున్న చప్పుడు అది. నిలబెట్టడం, పడడం, నిలబెట్టడం, పడడం. మధ్యలో ఎంకమ్మ గొణుగుడు. ఆ గొణుగుడు రానురాను సన్నటి ఏడుపులోకి దిగింది.

సుమిత్ర లేచింది. ఇవాళ గొళ్లెం వేయలేదు. మాటే గొళ్లెమని ఎంకమ్మ అనుకుని ఉంటుంది.

ఎంకమ్మ పసుపునీళ్లలో మోకాళ్లు తడుపుకుని కూర్చుని ఉంది. రోకలి పట్టుకున్న చేతులు గజగజ వణుకుతున్నాయి. కోడలు బయటికొచ్చిందని కూడా గుర్తించనట్టు, "నిలబడుతలేదే సుమిత్రా" అంది. "గ్రహణం పట్టినా నిలబడుతలేదు. ఆదివారం నిలబడె, ఇయ్యాల పడె. ఏం కీడున్నదో ఏందో. నీ కడుపుల దాన్ని నేనెట్ల కాపాడాలె?"

ఎదురుగా అరవై ఏళ్లు దాటిన మనిషి. ఇన్నేళ్లూ తనను కుళ్లబొడిచిన మనిషి. ఆమె చేతుల్లో ఉన్నదీ భయమేనని, తన భయానికంటే పెద్దదేనని సుమిత్రకు అప్పుడు కనబడింది. పొట్ట అడ్డం రాకుండా కాళ్లు ఎడంగా పెట్టి కూర్చుంది. అత్త చేతులు మెల్లగా పక్కకు తీసి రోకలిని తను పట్టుకుంది. బరువు ఎటు తూగుతుందో వేళ్లతో వెతికింది. దొరికింది. వదిలేసింది. రోకలి నిలబడింది.

"నిలబడ్డది అత్తమ్మా. నేను బడికి పోయొస్త."

"ఏందే? ఎటు?"

"రుచిత ఒక్కతే ఉన్నది ఆడ."

"నీ కాళ్లు మొక్కుత సుమిత్రా. పోకు. కడుపుల బిడ్డున్నది."

"ఆ బిడ్డ పెదివి ఎప్పుడో అతుక్కున్నది అత్తమ్మా. రెండో నెలలనే" అంది సుమిత్ర. కొంగు నడుముకు దోపుకుని బయటికి నడిచింది. గల్లీలో అన్ని తలుపులూ మూసి ఉన్నాయి.  తెలిసినంత మాత్రాన భయం పోదని టీచర్ చెప్పింది నిజమే. అయినా కాళ్లు ఆగలేదు.

బడి మిద్దె మీద పిల్లలు, ఇద్దరు ముగ్గురు తండ్రులు, టీచర్. తల్లులు ఒక్కరూ లేరు. సుమిత్ర మెట్లెక్కి రాగానే రుచిత చూసింది. పరుగెత్తుకు రాలేదు. చూసి, మొహం పక్కకు తిప్పుకుని, చున్నీతో ముక్కు తుడుచుకుని, అప్పుడొచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

పడమట ఫ్యాక్టరీల గొట్టాల వెనక సూర్యుడు దిగిపోతున్నాడు. "ఎర్రగా ఉన్నాడు కదా అని అటు తేరిపార చూడకండి" అని టీచర్ హెచ్చరించింది. "వెచ్చదనం మీ వీపుకు తగలనివ్వండి చాలు. అందరూ తూర్పుకు తిరగండి."

అమీన్‌పూర్ వైపు కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల మీద పొగా దుమ్మూ కలిసి ఊదారంగు తెరలా ఉంది. ఎవరికీ ఏమీ కనబడలేదు. పిల్లలు గుసగుసలాడారు. రాడేమో అని ఒకరు, మొత్తం మింగేసిండేమో అని ఒకరు. తర్వాత సాయికిరణ్ వేలు పైకి లేచింది. 

రెండు భవనాల మధ్య చంద్రుడు వస్తున్నాడు. చంద్రుడిలా లేడు. కింది అంచు మాత్రం వెలుగుతోంది. పైన సగం లేదు. లేదంటే లేదని కాదు, ఆరిన బొగ్గులా మసకగా, పైన కుడిపక్కంతా నల్లగా కప్పి ఉంది. ఎవరో గిన్నెలో వెలుగు పోసి మెల్లగా పైకెత్తుతున్నట్టుంది. పెద్దగా, మౌనంగా, ఎవరి అనుమతీ అడగకుండా ఇనుప చువ్వల మీదినుంచి, క్రేన్ల మీదినుంచి లేచాడు.  సుమిత్రకు కళ్లవెంట నీళ్లు కారాయి. తుడుచుకోవాలనిపించలేదు.

"వెనక సూర్యుడు" అంది టీచర్ చాలా మెల్లగా. "ముందు చంద్రుడు. ఇద్దరి మధ్యా సరిగ్గా ఒక గీత గీస్తే ఆ గీత మీద మనం నిలబడి ఉన్నాం. మన కాళ్ల కిందినుంచి మొదలైన నీడ లక్షల మైళ్లు పోయి అదిగో అక్కడ, చంద్రుడి మీద పడుతోంది. ఆ నల్లటి అంచు చూడండి. వంపుగా లేదూ? భూమి గుండ్రంగా ఉందని మన పెద్దవాళ్లు ఆ వంపును చూసే పట్టుకున్నారు."

పిల్లల్లో ఒకరు మెల్లగా చెయ్యి పైకెత్తి ఊపారు, తమ చెయ్యి నీడ కూడా అక్కడ కదులుతుందేమోనని. ఇంకొకరు ఊపారు. కాసేపటికి అందరి చేతులూ గాల్లో ఉన్నాయి. కదలదని టీచరుకు తెలుసు. ఆమె కూడా ఊపింది.

అప్పుడు మెట్ల మీద ఆయాసం వినబడింది. ఎంకమ్మ కొంగు నుదుటి మీదినుంచి కిందికి లాగి, ఒక చేత్తో కళ్లకు అడ్డం పట్టుకుని, నేలనే చూస్తూ ఎక్కుతోంది. ఇంకో చేతిలో దుప్పటి. ఎవరినీ పలకరించలేదు. తడుముకుంటూ కోడలి దగ్గరికొచ్చి, ఆ దుప్పటిని తల మీదినుంచి పొట్ట మీదిదాకా కప్పింది. "ఇనవు. ఎప్పుడూ ఇనవు" అంది. గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

"నానమ్మా, కండ్లు తెరువు" అంది రుచిత. "ఇంకో జెరసేపే ఉంటది."

"నా తరం గాదు."

"నేను పట్టుకుంట నిన్ను."

ఎంకమ్మ మనుమరాలి వైపు జరిగింది. తర్వాత వేళ్ల సందునుంచి చూసింది. చెయ్యి కొంచెం కిందికి దిగింది. ఇంకొంచెం దిగింది. పొలంలో నిలబడి చంద్రుణ్ణి చూసి తిథి చెప్పగల మనిషి, పుట్టి బుద్ధెరిగాక ఒక్క గ్రహణమూ చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుంది.

"పైన నల్లగ ఏందే అది?"

"నీడ."

"ఎవలిది?"

"మనది నానమ్మా. మనం నిలబడ్డ భూమిది. అదే పోయి ఆడ పడ్డది."

"మన నీడనా?"

"మనదే."

ఎంకమ్మ చూస్తూనే ఉంది. నల్లటి అంచు కనబడకుండానే వెనక్కి జరుగుతోంది. వెలుగు పైకి నిండుతోంది. ఆగ్నేయాన గురుగ్రహం అప్పుడే తేటగా బయటపడింది.

"అయితె మింగుతున్నది మనమా?" అంది.

 

ఎంకమ్మ చంద్రుడి మీదినుంచి చూపు తీయకుండానే, "ఎన్నేండ్లాయెనో, రాహువును తిట్టబట్టి. నిన్ను తిట్టబట్టి" అంది. చెయ్యి గాల్లో వెతుక్కుని మనుమరాలి తల మీద ఆగింది. "నిన్ను అనరాని మాటలు అన్న సుమిత్రా."

పోనీలే అత్తమ్మా అన్న మాట సుమిత్ర నాలుక చివరిదాకా వచ్చింది. కోడళ్లందరి నాలుకల మీదా అది సిద్ధంగానే ఉంటుంది. ఆమె దాన్ని మింగేసింది.

"అవు అత్తమ్మా" అంది. "అన్నవు."

ఎంకమ్మ తలూపింది. ఆ తలూపు చూశాక సుమిత్ర పిట్టగోడ పక్కన కొంచెం జరిగి చోటిచ్చింది. ముసలామె మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. కింద గల్లీలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి, బకెట్లు మోగుతున్నాయి. పక్కింటామె బడి గేటు దగ్గరికొచ్చి పైకి చూడకుండానే కేకేసింది.

"ఎంకమ్మా, విడిచిందా? తానానికి రా."

"ఇంక జెర ఉన్నది" అంది ఎంకమ్మ పైనుంచి. "ఆగు, సూడనియ్యి."